మునిగిన విద్యుచ్ఛకటము - దోషసంకేతములు

మన వైద్యశాస్త్రము లక్షణమునకును నిదానమునకును భేదము చెప్పుచున్నది. ఒడలు వెచ్చబడుట లక్షణము. వెచ్చబడుటకు మూలమైనది నిదానము. వెచ్చదనమును మాత్రము అణచి మూలమును విడిచిపెట్టిన వైద్యుడు రోగికి మేలు చేసినట్లు కనబడి కీడు చేసినవాడగును. ఈ మాట మనుష్యదేహమునకే గాక, నేడు మన వీధులలో చప్పుడు లేక తిరుగుచున్న విద్యుచ్ఛకటమునకును వర్తించును. జనులు దానిని 'కరెంటు కారు' అందురు. ఆ కారు తనకు గలిగిన బాధను తానే అక్షరములతోను అంకెలతోను చెప్పుకొనును. వానిని దోషసంకేతములనవచ్చును, మెకానిక్కులు 'కోడు'లందురు. వరదనీట మునిగి, బీమా కంపెనీవారు వదలుకొనిన కారును చవుకగా కొన్నవారు ఆ సంకేతములను ఎట్లు గ్రహింపవలెనో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

వ్యాకరణము చెప్పుకొను పంతులునకు యంత్రములతో నేమి పని యని శ్రోతలు అడుగవచ్చును. జనగామ, మహబూబాబాదు ప్రాంతముల పాఠశాలలలో నేను 30 ఏండ్లకు పైగా తెలుగు చెప్పితిని. నా శిష్యులలో కొందఱు ఐ.టి.ఐ. చదువు ముగించి మోటారు షెడ్లు పెట్టుకొనిరి. ఉద్యోగవిరమణానంతరము వారి షెడ్లలో కూర్చుండి చూడగా, యంత్రమున దోషమును వెదకు తీరునకును, తర్కశాస్త్రమున హేతువును పరీక్షించు తీరునకును గల పోలిక నా మనస్సును ఆకర్షించెను. ఆనాటినుండి ఈ విషయమును తెలిసినవారిని అడిగి తెలిసికొనుచున్నాను.

మొదట మన సీమను గుఱించి రెండు మాటలు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి - ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11వ తేదీ వఱకు వరంగల్లు జిల్లాలోనివే; ఆనాడే వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. జనగామ సీమ నీటి ఎద్దడికి పేరువడినది. అయినను దాని పొరుగు జిల్లాలకు ఇటీవల నీటివలన గలిగిన కష్టము సామాన్యమైనది కాదు. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచెను. జనులు ఇండ్లపై కెక్కి ప్రాణములు నిలుపుకొనిరి. వారిని రక్షించుటకు హెలికాప్టర్లు రావలసి వచ్చెను. అదే జిల్లాలోని చిట్యాలలో ఒక్క దినములో 600 మిల్లీమీటర్లకు మించి వాన కురిసెను. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము, ఇంటికన్నె స్టేషన్ల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడెను. అంతకు పూర్వము 2020 అక్టోబరులో హైదరాబాదు వీధులే కాలువలైనవి.

ఇట్టి విపత్తులలో మనుష్యులును పశువులును పడిన బాధ ముందు వాహనముల మాట చిన్నది. కాని వరద తీసిన పిమ్మట ఆ మునిగిన వాహనములు ఎచ్చటికి పోవుచున్నవో విచారింపవలెను. మరమ్మతు వ్యయము బీమా పత్రములో నిర్ణయించిన విలువలో 75 శాతమును మించినచో, మన దేశపు బీమా పద్ధతిలో దానిని పూర్తినష్టముగా ఎంచుదురు. కంపెనీవారు యజమానికి సొమ్ము చెల్లించిన తరువాత ఆ శకటము వేలమునకు వచ్చును. దీనినే వ్యాపారులు 'సాల్వేజి బండి' అందురు. శాశ్వతముగా పనికిరాకుండ పోయిన వాహనమునుగుఱించి 14 దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 55వ సెక్షనులో చెప్పుచున్నది. అయినను వేలములో కొన్న బండి యొకటి కడుగబడి, తుడువబడి, క్రొత్త సీటు తొడుగులు వేసికొని, దూరపు ఊరిలో అమాయకుని వాకిట నిలుచుట కద్దు. పెట్రోలు కారు విషయమున ఇది ధననష్టముతో ముగియవచ్చును. విద్యుచ్ఛకటము విషయమున ప్రాణసంకటము గూడ గలదు. ఏలయనగా-

విద్యుచ్ఛకటమున నేల క్రింది భాగమంతయు పఱచినట్లు పెద్ద బ్యాటరీ యుండును. అందు చిన్న చిన్న లిథియము కణములు వందలకొలది వరుసలుగా కూర్పబడి యుండును. బెంగుళూరినుండి 2001లో వెలువడిన రేవా అను చిన్న కారునందు 48 వోల్టుల సీసపు బ్యాటరీలు మాత్రమే యుండెడివి. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ వంటి కార్లలో బ్యాటరీ వోల్టేజి 300 దాటినది. మన ఇంటి కరెంటు 230 వోల్టులు గదా! ఏకముఖ విద్యుత్తు 60 వోల్టులు దాటెనా, దానిని మనుష్యునకు అపాయకరమైనదిగా ఎంచవలెనని వాహననిర్మాణ నియమము. ఆ పెద్ద బ్యాటరీనుండి శక్తి నారింజవన్నె తొడుగు గల తీగెలగుండ ఇన్వర్టరునకు, అచ్చటినుండి మోటారునకు పోవును. చల్లగాలి యంత్రమును, చార్జరును ఆ మార్గమునకే తగిలియుండును. ఇవి గాక, దీపములకును లోపలి కంప్యూటర్లకును 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేఱొకటి గలదు. కథలో దీని పాత్ర పెద్దది. శ్రోతలు దీనిని గుర్తుంచుకొందురు గాక.

ఆ పెద్ద బ్యాటరీ పెట్టెను నీరు చొరకుండ మూసియే చేయుదురు. అనేకమైన కార్లలో అది 1 మీటరు లోతు నీటిలో 30 నిమిషములు నిలువగలదను పరీక్షకు నిలిచినదై యుండును. అది మంచి రక్షణమే. కాని మన వాగుల వరద అర్ధగంటతో తీసిపోవునా? రాత్రియంతయు నిలిచిన నీరు మూతకు వేసిన రబ్బరు సందులను వెదకికొనును. వరదనీరు బురదతోను లవణములతోను గూడినదగుటచే విద్యుత్తును తనగుండ పోనిచ్చును, రాగిని పచ్చబఱచును, ఇనుమును తుప్పుపట్టించును. విశేషమేమనగా, ఈ హాని ఆ దినముననే కనబడదు. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయన్ అను తుపాను ముంచినప్పుడు, ఉప్పునీట తడిసిన కొన్ని విద్యుచ్ఛకటములు నీరు తీసిన కొన్ని దినములకు తమంతట తామే మండెను. అందువలన అట్టి కారును ఇండ్లకు 50 అడుగుల దూరమున నిలుపవలెనని ఆ దేశపు రహదారి భద్రతా శాఖవారు చెప్పిరి. మన వాగునీరు సముద్రపునీటివలె ఉప్పనిది కాదు; అయినను జాగ్రత్త అదియే.

ఇక సంకేతముల మాట. వాహనము తన దోషమును తానే కనిపెట్టవలెనను నియమము పెట్రోలు బండ్ల పొగను అదుపుచేయుటకై పుట్టినది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1988 నాటి నమూనాలతో మొదలై, 1996 నాటికి ఆ దేశపు క్రొత్త కార్లన్నిటికిని ఏకరూపమైన పద్ధతి ఏర్పడెను. మన దేశమున 2010లో తొలి మెట్టును, 2013లో రెండవ మెట్టును అమలులోనికి వచ్చెను. విద్యుచ్ఛకటమునకు పొగ లేదు. అయినను ఆ సంకేతభాషను అది పుణికి పుచ్చుకొన్నది. కారులోని కంప్యూటర్లు రెండు తీగెలపై ఒండొంటితో మాటలాడుకొనును. ఈ ఏర్పాటును జర్మనీ దేశపు బాష్ కంపెనీవారు 1986లో లోకమునకు వెల్లడించిరి. ఏ కంప్యూటరు లోపము కనిపెట్టినను ఒక సంకేతమును వ్రాసి దాచుకొనును. స్టీరింగు క్రింది సాకెట్టునకు స్కానరు తగిలించినచో అది తెరపై కనబడును.

వ్యాకరణము చదివినవారికి ఈ సంకేతములు క్రొత్తగా దోపవు. పాణిని 'అచ్' అన్నచో అచ్చులన్నియు, 'హల్' అన్నచో హల్లులన్నియు వచ్చును గదా! ఇదియు నట్టి సంగ్రహమే. సంకేతమున ఐదు స్థానములుండును. మొదటిది అక్షరము: 'పి' యన్నచో చాలకశక్తికి సంబంధించినది, 'సి' యన్నచో చక్రములు, బ్రేకులు మొదలగు అడుగుభాగము, 'బి' యన్నచో శరీరభాగము, 'యు' యన్నచో కంప్యూటర్ల పరస్పర సంభాషణము. రెండవ స్థానమున సున్న యున్నచో అది అందఱికిని సమానమైన సంకేతము; 1 యున్నచో ఆ కంపెనీవారు తమకై ఏర్పఱచుకొన్నది, వారి పుస్తకమునందే దాని యర్థమును చూడవలెను. తక్కిన మూడును దోషస్థానమును సూచించును. 'పి0ఏ' యని మొదలైనచో విద్యుచ్ఛాలనమునకు సంబంధించినదని తఱచు గ్రహింపవచ్చును.

ఇచ్చట ముఖ్యమైన మాట యొకటి. సంకేతము సాక్షి మాత్రమే, తీర్పు కాదు. కొండపై పొగను చూచి నిప్పును ఊహించుట తార్కికుల ప్రసిద్ధమైన ఉదాహరణము. పొగవలె కనబడు మంచును చూచి నిప్పని భ్రమించుట హేత్వాభాసము. "బ్యాటరీ కంప్యూటరుతో సంబంధము తప్పినది" యని సంకేతము పల్కినచో, ఆ కంప్యూటరే చెడినదని అనుకొనుట అట్టి భ్రమయే. తీగె తెగియుండవచ్చును; దానికి శక్తినిచ్చు 12 వోల్టుల బ్యాటరీ నీరసించి యుండవచ్చును. సాక్షి తాను చూచినది చెప్పును, చూడనిది చెప్పజాలదు.

దీనికి నేను కన్నులార చూచిన యుదాహరణము చెప్పెదను. మహబూబాబాదు దగ్గఱి గ్రామమువాడు, నా పూర్వశిష్యుడొకడు, విత్తనముల దుకాణము నడుపుకొనుచున్నాడు. తల్లి బంగారము కుదువబెట్టి ఒక సాల్వేజి విద్యుచ్ఛకటమును కొనెను. అమ్మినవారు "వరదలో కొంచెము తడిసినది, అంతయు బాగుచేయించితిమి" అనిరి. తెరపై ఎఱ్ఱగుఱుతు ఒక్కటియు లేదు. నెల దినములు బండి చక్కగా నడచెను. వానలు మొదలుకాగానే ఉదయమున కదలననెను. అతడు దారిలోని యొక షెడ్డులో స్కానరు పెట్టించి సంకేతములు తుడిపించుకొనెను. మరల వాన, మరల గుఱుతు, మరల తుడుపు. ఇట్లు నాలుగుసారులు జరిగెను. నన్ను చూడవచ్చినప్పుడు, "కోడు తుడిపిచ్చిన సార్, ఇప్పుడు మంచిగనే నడుస్తున్నది" అని సంతోషముతో చెప్పెను. "నాయనా, సాక్షి నోరు మూసినంత మాత్రమున నేరము జరుగలేదని యగునా?" అని యడిగి, జనగామలో అధిక వోల్టేజి పనియందు శిక్షణ పొందిన మఱియొక శిష్యునియొద్దకు పంపితిని. పని చూచుటకు నేనును పోయితిని.

ఆ మెకానిక్కు మొదట చేసిన పని యేమనగా, దేనిని తుడువకుండ, కనబడిన 14 సంకేతములను కాగితముపై వరుసగా వ్రాసికొనుట. ఇప్పుడున్న దోషమేది, గతించిన దోషమేది యని స్కానరు వేఱుగా చూపును. దానిని గూడ ప్రక్కన గుఱించుకొనెను. అందు పెక్కు 'యు' వర్గములోనివి. అన్ని కంప్యూటర్లును ఒక్కసారి చెడుట సంభవము కాదు. అన్నిటికిని ఉమ్మడియైన మూలము వెదకవలెనని యతడనెను. 12 వోల్టుల బ్యాటరీని కొలువగా 10.4 వోల్టులే యుండెను. నిండుగా నున్నచో 12.6 ఉండవలెను. దానిని మార్చి, అప్పుడు సంకేతములన్నిటిని ఒక్కసారి తుడిచి, బండిని మేల్కొలిపెను. పది సంకేతములు మరల రాలేదు. తుడుచుట పరీక్షలో నొక భాగము. అదే చికిత్స కాదు. ఈ భేదము గ్రహించినవాడు ఈ విద్యలో సగము గ్రహించినట్లే.

మిగిలినవి నాలుగు. చార్జింగు జరుగదనునది ఒకటి. చల్లగాలి యంత్రము పనిచేయదనునది రెండవది. ఇవి ఫలములే గాని మూలములు కావు. మూడవది పి0ఏ0డి. అధిక వోల్టేజి తీగెల మూతులన్నిటిగుండ స్వల్పమైన విద్యుత్తు గల సన్నని తీగె యొకటి గొలుసువలె పోవును. దీనిని 'ఇంటర్‌లాక్' అందురు. ఏ మూతి ఊడినను ఆ గొలుసు తెగి, బండి పెద్ద బ్యాటరీని వేఱుచేసికొనును. ఆ గొలుసునందు లోపమున్నదని ఈ సంకేతము చెప్పును. మెకానిక్కు ఒక్కొక్క మూతిని పరిశీలింపగా, చార్జరుకడ నున్న దానిలో ఎండిన బురదయు, పచ్చబడిన సూదులును కనబడినవి. దానిని మార్చగా ఆ సంకేతమును, చార్జింగు సంకేతమును రెండును తొలగినవి.

నాలుగవది పి0ఏఏ6. ఇది అన్నిటికంటె గంభీరమైనది. పెద్ద బ్యాటరీ విద్యుత్తు కారు ఇనుప శరీరమును తాకరాదు. రెంటి నడుమ గట్టి ఇన్సులేషన్ ఉండవలెను. ఏకముఖ విద్యుత్తు మార్గమున వోల్టు 1కి కనీసము 100 ఓములును, ఏకాంతర విద్యుత్తు గల మార్గము దానితో కలిసినచోట 500 ఓములును నిరోధముండవలెనని నియమము. 320 వోల్టుల బ్యాటరీకి మొదటి లెక్కన 32,000, రెండవ లెక్కన 1,60,000 ఓములగును. అది తగ్గెనని పి0ఏఏ6 చెప్పును. ఎచ్చట తగ్గెనో చెప్పదు. మెకానిక్కు మెగ్గరు తీసికొని, ఒక్కొక్క యంత్రమును మార్గమునుండి విడదీసి వేఱువేఱుగా కొలిచెను. మోటారు మంచిది, చార్జరు మంచిది. చల్లగాలి కంప్రెసరు మాత్రము మిక్కిలి తక్కువ చూపెను. దానిని మార్చగా మిగిలిన రెండు సంకేతములును మాయమైనవి.

కథ ఇచ్చట ముగిసినచో ఎంత బాగుండెడిది! రెండు వారములకు, రాత్రి వాన కురిసిన మఱునాడు, పి0ఏఏ6 తిరిగి వచ్చెను. ఒక పొగకు రెండు నిప్పులుండవచ్చునని దీనివలన తేలెను. మిగిలినది పెద్ద బ్యాటరీయే. మెకానిక్కు దాని మూత తెఱవననెను; అది తనకు తెలిసిన పని కాదని చెప్పుటకు అతడు సిగ్గుపడలేదు. బండిని నడుపక, లారీపై నెక్కించి, బ్యాటరీ పనివారుండు కార్ఖానాకు పంపించెను. మూత తీయగా లోపల బురదగీత, అడుగున తుప్పు, కణముల వోల్టేజిని కొలుచు సన్నతీగెల మూతులు పచ్చబడి యుండెను. ఈ బ్యాటరీ మనుష్యులు కూర్చుండు బండికి తగదని వారు వ్రాసియిచ్చిరి.

అప్పుడొకడు ఆ యువకునితో రహస్యముగా, ఇన్సులేషన్ కనిపెట్టు భాగమును మోసపుచ్చెదనని, సంకేతమే రాకుండ చేసెదనని, స్వల్పమైన సొమ్ము చాలునని చెప్పెనట. అతడు నాయొద్దకు వచ్చి నేల చూచుచు కూర్చుండెను. కుదువలో తల్లి బంగారము. ఇంట బడికి పోవు ఇద్దఱు పిల్లలు. ఆ పిల్లలే దినమును ఆ బ్యాటరీపై కూర్చుండవలసినవారు. నేను చెప్పవలసినది కొంచెమే యుండెను. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమున పుట్టిన నిప్పు, పొగయై మీది లాడ్జిలోనివారిని చుట్టుకొని 8 మందిని బలిగొన్న సంగతి అతనికి తెలియనిది కాదు. మఱునాడు అతడు ఆ మోసపు మాటను త్రోసిపుచ్చెను. పాత బ్యాటరీని 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము రిజిస్టరైన సంస్థకు అప్పగించి, వేఱొక బ్యాటరీ వేయించెను. లెక్క చూడగా, మంచి స్థితిలోనున్న పాత కారు కొనుటకు పట్టెడి సొమ్మే అయినది. బంగారము విడిపించుటకు ఇంకను రెండేండ్లు పట్టునని యతడనెను. కాని బండి వానలో నడచుచున్నది. పిల్లలు నిర్భయముగా ఎక్కుచున్నారు.

ఇట్టి బండిని కొనదలచినవారు కొన్నిటిని గమనింపవలెను. బీమా చరిత్రమును, రిజిస్ట్రేషను పత్రమును అడుగుడు. సీటు బెల్టును కడదాక లాగి చూడుడు. కడిగినవాని చేయి అచ్చటిదాక పోదు గావున బురదగీత అందు నిలిచియుండును. కాలిక్రింది చాప నెత్తి తుప్పును, వాసనను పరీక్షింపుడు. తెరపై గుఱుతు లేకుండుట బండికి ఆరోగ్యపత్రము కాదు. సంకేతములు ఎప్పుడు తుడువబడినవో అడుగుడు. ఇన్సులేషన్ కొలత వ్రాతమూలకముగా తీసికొనుడు. అనేకులైన నిర్మాతలు బ్యాటరీకి 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్ల పూచీ యిత్తురు. మునిగిన బండికి అది చెల్లునో లేదో ముందే విచారింపుడు.

మరమ్మతు చేయు యువకులకు మఱొక మాట. నారింజవన్నె తీగెను ఊరక ముట్టరాదు. మొదట 12 వోల్టుల బ్యాటరీని విడదీసి, తరువాత నిర్మాత చెప్పిన క్రమమున సర్వీసు ప్లగ్గును తీసి, దానిని మీ జేబులోనే యుంచుకొనుడు. లోపలి కెపాసిటర్లు ఖాళీ యగుటకు పుస్తకములో చెప్పినంత సేపు, సాధారణముగా 5 మొదలు 10 నిమిషములు, నిరీక్షింపవలెను. 1,000 వోల్టులకు తగిన రబ్బరు తొడుగులు చేతులకు వేసికొని, వోల్టేజి సున్న యని మీటరుతో చూచినగాని పనికి దిగరాదు. తడిసిన బ్యాటరీనుండి బుసలు, పటపట చప్పుడు, తీపివంటి ఘాటైన వాసన వచ్చినచో దూరముగా తొలగి 101కి ఫోను చేయుడు.

ఈ కార్లు మన సీమకు రాకమానవు. రాష్ట్ర ప్రభుత్వమువారు 2024 నవంబరులో విద్యుచ్ఛకటములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వఱకు మినహాయించిరి. భూపాలపల్లి కడ చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ తాప విద్యుత్ కేంద్రము గలదు. సింగరేణి బొగ్గు అచ్చట శక్తియై తీగెలకెక్కుచున్నది. అట్లే వరదలును రాకమానవు. కనుక మునిగిన కార్లును, వానిని చవుకగా అమ్మువారును, కొనువారును ఉందురు. యంత్రము అబద్ధమాడదని కొందఱందురు. యంత్రము తాను చూచినది చెప్పును. దానిచేత అబద్ధము చెప్పించువాడును, దాని నోరు మూయువాడును మనుష్యుడే. సంకేతము కనబడినప్పుడు దానిని ఎట్లు తుడుతుమని గాక, ఇది ఎందుకు వచ్చినదని అడుగుట నేర్చుకొందము. ఆ ప్రశ్న వేయువాని ఇంట పిల్లలు సుఖముగా నిద్రింతురు.